తెగిన చెయ్యి

రాహేలును చంపింది ఖుద్దూసు. ఇందులో వాదించుకోవడానికి ఏమీ లేదు.

కత్తితో పొడవలేదు, మందు పెట్టలేదు. చల్లపల్లి శివార్లలో శివరామయ్య గారి డేరా సినిమా ఉంది. అందులో మిషను తిప్పే ఆపరేటరు ఖుద్దూసు. ఏడేళ్ళ కిందట, యాభై ఏడులో, ఒక సాయంత్రం మోషే ఆ డేరాలో కూర్చుని బొమ్మ చూస్తున్నాడు. కాలవ అవతల పేటలో అతని భార్య రాహేలుకు నెలలు నిండకుండానే నొప్పులొచ్చి, బిడ్డ అడ్డం తిరిగింది. బందరు ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. ఆ వేళకి దొరికే బండి ఒక్కటే, మోషే నడిపే శివరామయ్య గారి రైసు మిల్లు లారీ. అది డేరా వెనక ఆగి ఉంది. రాహేలు తల్లి కృపమ్మ పక్కింటి పున్నయ్యను తరిమింది. పున్నయ్య రెండు మైళ్ళు పరుగెత్తి గేటు దగ్గర కబురు చెప్పాడు. కబురు ఖుద్దూసుకు చేరింది. అప్పుడు తెర మీద ఫైటింగు నడుస్తోంది. మధ్యలో అడ్డం పెడితే జనం బెంచీలు విరగ్గొడతారని ఖుద్దూసు కబురు తొక్కిపెట్టాడు. ఫైటింగంతా అయ్యాక తెర మీద వేశాడు. ఇరవై నిమిషాలు. బందరు ఇంకా నాలుగు మైళ్ళుందనగా రాహేలు లారీలోనే పోయింది. కడుపులో బిడ్డా పోయింది.

ఇది మోషే చెప్పిన సంగతి. పేట నమ్మింది, ఊరు నమ్మింది.

డేరాలో కూర్చున్నవాణ్ణి పిలవడానికి పద్ధతొకటి ఉంది. అరచేతంత గాజుపలకకు దీపం మసి పట్టించి, దాని మీద సూదితో రాస్తారు. ఆ పలకను మిషను పక్కనున్న చిన్న లాంతరులో దోపితే, ఆడుతున్న బొమ్మ మీదే తెల్లటి అక్షరాలు పడతాయి. ఫలానావారు వెంటనే ఇంటికి రావలెను. దాన్ని స్లైడంటారు. రాహేలు పోయిన దగ్గర్నుంచి ఖుద్దూసుకు ఊళ్ళో ‘స్లైడు సాయిబు’ అని పేరు పడింది. మొదట్లో ఒక్కసారి, రాహేలును మట్టి చేసిన రోజు, అతను సమాధుల దొడ్డి కంచె దాకా వచ్చి, “నేను అప్పుడే వేశాను మోషే బావా” అన్నాడు. మోషే చేతిలో పార ఉంది. ఎత్తాడు. రాహేలు తమ్ముడు ఏసుబాబు మధ్యలో పడకపోతే ఆ రోజు రెండో గొయ్యి తవ్వాల్సి వచ్చేది. ఖుద్దూసు మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. దారిలో ఎదురైతే సైకిలు దిగి పక్కకు నిలబడేవాడు. మోషే అతని పక్కనుంచి దుమ్ము లేపుకుంటూ వెళ్ళిపోయేవాడు.

అంతకుముందు వాళ్ళిద్దరూ ఒకే బీడీ పంచుకున్నవాళ్ళు.

మోషే మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు. అత్తగారు కృపమ్మ కూతురింట్లోనే ఉండిపోయి అతనికి వండిపెట్టేది. ఇద్దరూ రోజుకు పది మాటలు మాట్లాడుకుంటే ఎక్కువ. గుళ్ళో పాస్టరుగారు క్షమాపణ గురించి చెప్పిన ఆదివారాల్లో మోషే లేచి బయటికొచ్చి లారీ చక్రాలు తన్ని చూసుకునేవాడు. “గాలి బానే ఉందిగా అల్లుడూ” అని ఎవరైనా అంటే, “నీ నోట్లో ఎక్కువుంది” అనేవాడు.

అరవై నాలుగులో శివరామయ్య డేరా పీకేసి పక్కా హాలు కడతానని అర్జీ పెట్టాడు. దానికి ఖుద్దూసును మేనేజరుగా కూడా వేస్తానన్నాడు. అభ్యంతరాలుంటే తెలపమని తాలూకా వాళ్ళు నోటీసు అంటించారు. మోషే క్రైస్తవ మిషను బడిలో ఐదో తరగతి చదివాడు. దస్తూరీ మంచిది. ఒక ఆదివారం పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా కూర్చుని అభ్యంతరం రాసి, అవనిగడ్డ వెళ్ళి కచేరీలో ఇచ్చి వచ్చాడు. హాలు కట్టుకోవచ్చు, ఆపరేటరు ఖుద్దూసు నిర్లక్ష్యం వల్ల మనిషి ప్రాణం పోయింది కాబట్టి అతని లైసెన్సు తీసెయ్యాలి, ఇంతే.

శివరామయ్య మిల్లులో పిలిచి అడిగాడు. “ఏరా, నా ఉప్పు తిని నా హాలుకు అడ్డం పడతావా?”

“హాలుకు కాదండీ. ఆ మనిషికి.”

“వాడికి లైసెన్సు పోతే ఏం చేసి బతుకుతాడు? మిషనులో మంట చూసి చూసి కళ్ళు పోయినయ్యి. బందరు పోయి కలంకారీ అద్దకంలో కూర్చుందామన్నా గీత కనపడదు వాడికి. ముగ్గురు ఆడపిల్లలు.”

“నాకు ఒక్కటి కూడా లేకుండా చేశాడండీ.”

శివరామయ్య చేత్తో వెళ్ళమన్నాడు. పెళ్ళాం చచ్చిన మనిషిని లారీ దింపితే ఊరు ఉమ్మేస్తుందని అతనికి తెలుసు.

* * *

కార్తీకం వెళ్ళిపోయే రోజులు. వాయుగుండం పట్టి, వాన పడకుండా గాలి మాత్రం తిరుగుతోంది. బందరు రేవులో తుపాను జెండా ఎగరేశారని చెప్పుకుంటున్నారు. సోమవారం మోషే గుడివాడకు బియ్యం వేసుకెళ్ళాడు. బస్తాలు దింపాక అక్కడి గుమాస్తా ఒక రేకు పెట్టె చూపించాడు.

“మీ అయ్యగారి డేరాకంట. బస్సులో వెయ్యటం కుదర్లేదు. ఎక్కించుకు పో.”

“నేను సినిమా పెట్టెలు మొయ్యను.”

“నిన్ను మొయ్యమన్నారా? లారీ మోస్తది. నువ్వు చక్రం తిప్పు చాలు.”

కూలీ పెట్టె ఎత్తి వెనక పడేశాడు. మోషే తాడు బిగించడానికి ఎక్కినప్పుడు మూత మీది కాగితం చదివాడు. పేరు రెండుసార్లు చదివాడు. ఆ పేరుతో ఆ బొమ్మను మా వైపు ఎవరూ పిలవలేదు. అందరూ దాన్ని ‘తెగిన చెయ్యి’ అనేవారు. ఏడేళ్ళ కిందట ఆ సాయంత్రం ఆడింది అదే.

దారి పొడుగునా పెట్టె కదులుతూనే ఉంది. గతుకు వచ్చినప్పుడల్లా లోపల రీళ్ళు ఒకదానికొకటి తగిలి, పళ్ళు కొరికినట్టు చప్పుడు. పామర్రు దాటాక మోషే ఆపి, దిగి, తాడు ఇంకో చుట్టు బిగించాడు. చప్పుడు ఆగలేదు. చల్లపల్లిలో డేరా ముందు లారీ ఆపి, తను దిగకుండా హారను కొట్టాడు. ఖుద్దూసే వచ్చాడు. మనిషి సగమయ్యాడు. కాగితాన్ని కళ్ళకు ఆనించుకుని చదివి, ఆ తర్వాత మోషే కూర్చున్న వైపు చూశాడు. పెట్టె భుజాన పెట్టుకుని లోపలికి పోయాడు.

ఇంటికి వచ్చేసరికి తాలూకా కాగితం వచ్చి ఉంది. గురువారం పదకొండు గంటలకు చల్లపల్లి బంగళాలో రెవెన్యూ ఇన్‌స్పెక్టరు రామబ్రహ్మం గారు విచారణ చేస్తారు. సాక్షి ఏసుబాబు కూడా రావలెను. కబురు ఎన్ని గంటలకు వచ్చినది, స్లైడు ఎప్పుడు వేసినది అర్జీదారు సరిగా చెప్పవలెను.

ఆ సాయంత్రం గాలి డేరా వైపు నుంచి వీచింది. తాటి మొద్దుకు కట్టిన మైకులోంచి ఆ బొమ్మలోని మాంత్రికుడి నవ్వు పొలాల మీదుగా, కాలవ మీదుగా వచ్చి వసారాలో పడింది. మొదట సన్నగా మొదలై, గొంతులో గులకరాళ్ళు పొర్లినట్టు పెరిగి, ఎక్కడో తెగిపోయే నవ్వు. కృపమ్మ అన్నం వడ్డిస్తూ ఆగిపోయింది.

“అదేనా?” అంది.

“అదే.”

మంగళవారమూ అదే నవ్వు, అదే వేళకి. పేటలో కుక్కలు దానికి మొరగడం కూడా మానేశాయి. మోషే తలుపులు వేసుకున్నాడు. తాటాకు కప్పులోంచి కూడా వినపడింది.

* * *

మంగళవారం సాయంత్రమే ఏసుబాబు వచ్చాడు. చల్లపల్లిలో కరెంటు ఆఫీసులో హెల్పరు. నవ్వకుండా రెండు మాటలు చెప్పలేని మనిషి, ఆ రోజు గడప మీద కూర్చుని చెప్పులు చూసుకుంటున్నాడు.

“ఏం చెప్పమంటావు బావా, గురువారం?”

“చూసింది చెప్పు.”

“చూసిందే చెప్పనా?”

మోషే తల ఎత్తాడు. ఏసుబాబు చూపు తిప్పుకున్నాడు.

ఆ రోజు డేరాలో మోషే పక్కన కూర్చున్నది ఏసుబాబే. ఆ రోజుల్లో ఏసుబాబుకు ఒక పిచ్చి ఉండేది. డేరాలో నడిమి గుంజ పక్కన ఉన్న బెంచీ మీద చోటు దొరికితే తెర నిండుగా కనపడుతుంది. ఆ చోటు కోసం దొంగ స్లైడ్లు వేయించేవాడు. ‘ఘంటసాల కోటయ్య ఇంటికి చుట్టాలు వచ్చారు.’ ‘సలాం గారి గేదె తాడు తెంపుకుంది.’ పాపం సలాం పరుగెత్తి వెళ్ళి, కొట్టంలో నెమరేస్తున్న గేదెను చూసి, తిరిగొచ్చేసరికి ఏసుబాబు ఆ చోట్లో కాళ్ళు చాపుకుని ఉండేవాడు. పలక రాసిపెట్టింది ఖుద్దూసే. ఒక బీడీ ఇస్తే చాలు. డేరా అంతా నవ్వేది. రానురాను స్లైడు పడితే ఎవరూ లేవడం మానేశారు. నిజమైన కబురు వచ్చినవాణ్ణి కూడా పక్కవాళ్ళు చొక్కా పట్టుకుని “కూర్చోవోయ్, ఏసుగాడి పని” అని లాగేవారు.

“నేనే చంపాను బావా అక్కని,” అన్నాడు ఏసుబాబు నేలకేసి. “ఆ వేళాకోళాలు ఆడకపోతే...”

“నోర్ముయ్.”

“అది కాదు...”

“స్లైడు పడలేదు. పడుంటే కదా వేళాకోళం. ఫైటింగు అయ్యాక పడింది. లేచాను. అంతే.”

లోపల కృపమ్మ గిన్నె కడుగుతున్న చప్పుడు ఆగింది.

“సరే,” అన్నాడు ఏసుబాబు. “పడలేదనే చెప్తాలే.” అని లేచి, సైకిలు ఎక్కకుండా నడిపించుకుంటూ వెళ్ళిపోయాడు.

* * *

బుధవారం మోషే డేరాకు వెళ్ళాడు. ఎందుకని ఎవరూ అడగలేదు, అడిగితే చెప్పడానికి సిద్ధంగానే ఉన్నాడు. ఇన్‌స్పెక్టరుగారు టయిము అడిగారు. ఫైటింగు ఎన్ని నిమిషాలో గడియారం చూసి లెక్క కట్టాలి. మిల్లు గుమాస్తా చేతి గడియారం అడిగి పెట్టుకున్నాడు.

ఏడేళ్ళలో డేరా గుడ్డకు అతుకులు పెరిగాయి. గాలికి కప్పు లేచి పడుతోంది. గుంజలు కిర్రుమంటున్నాయి. నేల క్లాసులో జనం ఇసుక గుట్టలు చేసుకుని కూర్చున్నారు. మోషేను చూసి నలుగురైదుగురు మాటలాపారు. ఒకామె పిల్లను దగ్గరికి లాక్కుంది. అతను వెనక బెంచీ చివర కూర్చున్నాడు. తల వెనకే మిషను గది కన్నం. అందులోంచి వెలుతురు బయటికొచ్చి అతని భుజం పక్కగా తెర మీదకు పోయింది.

బొమ్మ మొదలైంది.

చూడకూడదనే కూర్చున్నాడు. గడియారం వైపు చూస్తూ కూర్చున్నాడు. పావుగంట తిరక్కుండా గడియారం మరిచిపోయాడు.

ఆ రోజుల్లో సాంఘిక చిత్రాలని కొన్ని వచ్చేవి. వాటిలో అప్పులు, అత్తలు, దగ్గు మందులు. అవి చూడ్డానికి డేరాకు ఎందుకు, ఇంట్లో ఉన్నాయి. కత్తి బొమ్మ అలా కాదు. అందులో కోట అట్టతో చేసిందని చిన్నపిల్లకు కూడా తెలుసు. రాక్షసుడు అడుగేస్తే స్తంభం ఊగుతుంది. గుర్రం ఎగిరితే దాని కడుపు కింద తీగలు మెరుస్తాయి. ఎవరూ పట్టించుకోరు. నిన్ను మోసం చేస్తున్నామని వాళ్ళే ముందు చెప్పేస్తారు కాబట్టి అక్కడ మోసం లేదు. చెడ్డవాడు తను చెడ్డవాడినని నవ్వి చెప్పి మరీ చెడ్డపని చేస్తాడు. మంచివాడు వందమంది మీద ఒక్కడే దూకుతాడు, చొక్కా నలగదు. రోజంతా బస్తాల కింద నడుము వంచినవాడు ఇక్కడ కూర్చుని, రాజకుమారుడు కోట గోడ మీద నుంచి దూకినప్పుడు తనూ దూకుతాడు. బయటికొచ్చాక నడుము మళ్ళీ వంగుతుంది. అది వేరే సంగతి.

రాహేలు ఎప్పుడూ డేరాకు రాలేదు. సినిమాకు వెళ్ళేవాళ్ళకు ప్రభువు బల్లలో రొట్టె, ద్రాక్షరసం ఇవ్వనని పాస్టరుగారు అనేవాడు. మోషే లెక్కచేసేవాడు కాదు, ఆమె చేసేది. కానీ అతను ఇంటికి రాగానే తలుపేసి, “ఊఁ, చెప్పు” అనేది. అతను తెడ్డు పట్టుకుని పెరట్లో ఫైటింగంతా చేసి చూపించేవాడు. మంచం కోట, చాప సముద్రం, అత్తగారి కోడి రాక్షసుడు. రాహేలు చీరకొంగు నోట్లో కుక్కుకుని నవ్వేది. అతనికి సగం సరదా బొమ్మ చూడ్డంలో, సగం ఆమెకు చెప్పడంలో.

‘తెగిన చెయ్యి’ మొదటిసారి చూసినప్పుడు మిల్లు నుంచి పిలుపొచ్చి మధ్యలో లేచొచ్చాడు. చెయ్యి తెగే దాకానే చెప్పగలిగాడు. రాహేలు వదల్లేదు. రెండోరోజు పొద్దున అన్నం కట్టిస్తూ కూడా అదే. “ఇవాళన్నా వెళ్ళి చూసిరా. తెగిన చెయ్యి మళ్ళీ కత్తి పడితే దాన్నెట్టా చంపుతారో నాకు తెలియాలి. తెలియకపోతే నీ బిడ్డ బయటికి రానంటంది.”

ఇప్పుడు తెర మీద రాజకుమారుడు కత్తి ఎత్తాడు. మాంత్రికుడి కుడిచెయ్యి మోచేతి దగ్గర తెగి నేల మీద పడింది. డేరా అంతా ఒక్కసారి ఊపిరి బిగబట్టింది. తెగిన చెయ్యి కదిలింది. వేళ్ళ మీద లేచి, సాలెపురుగులా నడుచుకుంటూ కత్తి వైపు పాకింది.

మోషే గడియారం చూశాడు.

ఇక్కడ. సరిగ్గా ఇక్కడ. ఏడేళ్ళ కిందట, ఆ చెయ్యి కత్తి అందుకోకముందు, ఆ వేళ్ళ మీదే పడ్డాయి తెల్లటి అక్షరాలు. కొంచెం వంకరగా, కంగారుగా రాసిన అక్షరాలు. లారీ మోషే. రాహేలుకు ప్రాణం మీదికొచ్చింది. వెంటనే రావలెను. పక్కన ఏసుబాబు నవ్వి, “నేను కాదు బావోయ్, ఈసారి ఎవడో నీ చోటు మీద కన్నేశాడు” అన్నాడు. వెనక ఎవరో “కూర్చోండెహె” అన్నారు. వేళాకోళం అయితే చుట్టాలొచ్చారని ఉంటుంది, గేదె తప్పిపోయిందని ఉంటుంది. ప్రాణం మీదికొచ్చిందని ఎవడూ వేళాకోళం రాయడు. పైగా అది ఖుద్దూసు రాసింది. రాహేలు పేరు పెట్టి ఖుద్దూసు వేళాకోళం ఆడడు. మోషేకు అది తెలుసు. అక్షరం అక్షరం చదివాడు. లేవడానికి చెయ్యి బెంచీ మీద ఆనించాడు కూడా.

అప్పుడు ఆ చెయ్యి కత్తి అందుకుంది. లేచింది. మనిషి లేకుండా కత్తి ఒక్కటే గాలిలో తిరుగుతూ రాజకుమారుడి మీదకు వచ్చింది.

ఒక్క నిమిషం అనుకున్నాడు. ఇది అయ్యాక వెళ్దాం. దీని సంగతి తెలియకుండా వెళితే రాహేలు ఊరుకోదు. ఒక్క నిమిషం.

రాజకుమారుడు దీపాల గుత్తి పట్టుకుని వేలాడాడు. చెయ్యి అతని గొంతు పట్టుకుంది. మెట్ల మీద, బురుజు మీద, మొసళ్ళ మడుగు మీద, ఎంతకీ తెగని యుద్ధం. చివరికి రాజకుమారుడు ఆ చేతి వేలికున్న ఉంగరాన్ని పళ్ళతో లాగేశాడు. చెయ్యి చచ్చి పడింది. డేరా విరగబడి అరిచింది. ఆ రోజు, ఆ అరుపుల్లో, మోషే లేచాడు.

ఇవాళ మళ్ళీ గడియారం చూశాడు. ఇరవై రెండు నిమిషాలు.

ఆ రోజు లారీలో రాహేలును చాప మీద పడుకోబెట్టి, ఆమె తలను కృపమ్మ ఒళ్ళో పెట్టుకుంది. ఘాటైన నెత్తురు వాసన. సగం దారిలో లారీ వేడెక్కి నీళ్ళ కోసం ఆగినప్పుడు కృపమ్మ కాలవలోకి దిగింది. మోషే వెనక్కి ఎక్కి చూశాడు. రాహేలు కళ్ళు తెరిచే ఉంది.

“చెయ్యి చచ్చిందా?” అంది.

ఆమెను నవ్వించాలనుకున్నాడు. “చచ్చింది. వేలికున్న ఉంగరం పళ్ళతో లాగేశాడు.”

“పళ్ళతోనా!” పెదాలు కొంచెం కదిలాయి. తర్వాత చాలాసేపు అతని మొహంలోకి చూసింది. “అయితే అయిందాకా ఉన్నావన్నమాట” అంది.

అంతే అంది. తర్వాత మాట్లాడలేదు. కృపమ్మ నీళ్ళు తెచ్చింది.

ఇప్పుడు తెర మీద ఏదో పాట వస్తోంది. రీలు మార్చడానికి బొమ్మ ఆగింది, డేరాలో దీపాలు వెలిగాయి. ఖుద్దూసు మిషను గది తలుపులో నిలబడి ఉన్నాడు. ఆ మసక కళ్ళకు తను కనపడుతున్నాడో లేదో మోషేకు తెలియలేదు. అయినా ఖుద్దూసు అతని వైపే వచ్చాడు.

“రేపు వస్తాను మోషే,” అన్నాడు. “నేనేం మాట్లాడను. నువ్వు ఏం చెప్తే అదే.”

మోషే లేచి, మిగతా బొమ్మ చూడకుండా బయటికి నడిచాడు. గాలి ముదిరింది. వెనక మైకులో ఆ నవ్వు మళ్ళీ మొదలైంది.

* * *

బంగళాలో రామబ్రహ్మం గారు కళ్ళజోడు తుడుచుకుంటూ కూర్చున్నారు. పొద్దుటి నుంచి సన్నటి జల్లు. కిటికీ రెక్కలు కొట్టుకుంటుంటే బంట్రోతు రాయి అడ్డం పెట్టాడు. శివరామయ్య కుర్చీలో, మిగతావాళ్ళు నిలబడి. గుమ్మం బయట ఖుద్దూసు భార్య జహీదా చెంగు తల మీద కప్పుకుని ముగ్గురు పిల్లలతో చూరు కింద నిలబడింది.

“ఏమయ్యా ఖుద్దూసూ, దీనికి నీ జవాబేంటి?”

“చెప్పేదేం లేదండీ.”

“లేకపోతే ఎట్టాగయ్యా? వేశావా లేదా?”

ఖుద్దూసు తల వంచుకున్నాడు. “ఏడేళ్ళ కిందట ఒకసారి చెప్పానండీ. ఎవరూ నమ్మలేదు. ఇప్పుడు చెప్తే లైసెన్సు కోసం చెప్పినట్టుంటది.”

ఇన్‌స్పెక్టరు విసుగ్గా ఏదో రాసుకున్నారు. “సాక్షి ఎవరు? నువ్వేనా ఏసుబాబు? ఫైటింగు నడిచేటప్పుడు స్లైడు పడిందా?”

ఏసుబాబు ముందుకు జరిగాడు. చొక్కా పూర్తిగా తడిసి ఉంది. “పడలేదండీ. అయిపోయాకే వేశాడు.”

“ప్రమాణం చేసి చెప్తావా?”

“చేస్తానండీ.”

బయట జహీదా ఏడుపు వినపడలేదు, పెద్దపిల్ల “అమ్మీ, అమ్మీ” అనడం వినపడింది. ఇన్‌స్పెక్టరు కలం ముంచారు. ఇంకో రెండు వరుసలు రాస్తే అయిపోతుంది. మోషేకు కావలసింది అదే. ఏడేళ్ళ నుంచి కావలసింది అదే. నోరు మూసుకుని నిలబడితే చాలు, ఒక్క మాట కూడా అక్కర్లేదు.

“వేశాడు,” అన్నాడు మోషే.

“ఏంటి?”

“స్లైడు వేశాడు. చెయ్యి తెగినాక. అది కత్తి అందుకోకముందు.”

శివరామయ్య కుర్చీలో ముందుకు వంగాడు. ఇన్‌స్పెక్టరు కళ్ళజోడు పైకి తోసుకున్నారు. “నువ్వు చూశావా?”

“చదివాను.”

“మరి లేవలేదేం?”

ఏసుబాబు గబగబా అందుకున్నాడు. “వేళాకోళం అనుకున్నాడండీ! దొంగ స్లైడ్లు వేయించేవాళ్ళమండీ, అది నా తప్పండీ, అందుకని బావ...”

“అనుకోలేదు,” అన్నాడు మోషే. “నిజమని తెలుసు. ఫైటింగు అయ్యాక వెళ్దామని కూర్చున్నాను.”

అతను ఆ మాట ఎవరి వైపూ చూసి అనలేదు, అర్జీ చదివినట్టు అన్నాడు.

ఇన్‌స్పెక్టరు మెల్లగా అడిగారు. “మరి ఈ అర్జీ ఎందుకు రాశావయ్యా? ఇదంతా ఇంకోసారి వివరంగా చెప్పు, వాంగ్మూలం రాసుకుంటాను.”

“విన్నది రాసుకోండి. ఇంకోసారి చెప్పను.” బల్ల మీదున్న తన అర్జీ తీసుకుని, రెండుగా చింపి, అక్కడే పెట్టి బయటికొచ్చాడు.

ఖుద్దూసు వెనకాలే వచ్చాడు. వానలో తడుముకుంటూ మెట్లు దిగి, చెయ్యి చాపి అతని మోచెయ్యి పట్టుకున్నాడు. “బావా...”

మోషే ఆ చెయ్యి విదిలించాడు. “నీకు గొంతు లేదా? ఏడేళ్ళు నా మొహాన అరవాల్సింది. జాలి పడ్డావా నా మీద? ఎవడు అడిగాడు నీ జాలి?”

జహీదా వచ్చి అతని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళింది. ఖుద్దూసును మోషే ఆ రోజూ క్షమించలేదు. దేనికి క్షమించాలో, ఇంకా దేనికి కోపమో అతనికే తెలియదు. కోపం మాత్రం ఉంది.

ఏసుబాబు సైకిలు మీద ముందే పేటకు చేరినట్టున్నాడు. మోషే వెళ్ళేసరికి ఇంటి ముందు నలుగురు నిలబడి ఉన్నారు. అతన్ని చూసి దారి ఇచ్చారు. లోపల పొయ్యి వెలిగించలేదు. కృపమ్మ గోడకానుకుని కూర్చుని ఉంది. ఏసుబాబు గుమ్మం దగ్గర తల గోడకేసి ఆనించి ఏడుస్తున్నాడు.

ఆమె అల్లుణ్ణి చూసింది. ఏడేళ్ళు అతనికి వండి పెట్టిన మనిషి.

“వీడు చెప్పింది నేను నమ్మను,” అంది. “నువ్వు చెప్పు మోషే. నా కూతురి పేరు చదివి కూడా కూర్చున్నావా?”

బయట నలుగురూ వింటున్నారు. అడిగే హక్కు ఆమెకు ఉంది. ఈ లోకంలో ఇంకెవరికీ లేనంత ఉంది. మోషే తడి చొక్కా విప్పి దండెం మీద వేశాడు.

“ఎక్కడ చెప్పాలో అక్కడ చెప్పాను అత్తా. ఇంకోసారి చెప్పను. నువ్వడిగినా చెప్పను, పాస్టరుగారు అడిగినా చెప్పను, పైన దేవుడు కూర్చోబెట్టి అడిగినా సరే. ఈ ఇంట్లో ఆ మాట ఇక ఎత్తొద్దు.”